మిషన్ యాడన్నా ఉండనీ, గీత మనది కావల్ల

మన జిల్లాల్లో పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే కంపెనీ బస్సులు వరసగా పోతా ఉంటాయి. కొన్ని శ్రీసిటీకి, కొన్ని రేణిగుంట కాడ ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌కి. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. ఆ లైన్ల మీద నిలబడేవాళ్లలో ఎక్కువ మంది ఆడబిడ్డలే. అప్పటి నుంచి మనోళ్ల చేతుల మీదుగా ఎన్ని లక్షల సర్క్యూట్ బోర్డులు పోయినాయో లెక్క లేదు. ఎనిమిది గంటలు కండ్ల ముందర బోర్డు కదిలిపోతానే ఉంటాది. అయినా ఆ బోర్డు మీద గీతలు ఎవురు గీసినారు, యాడ గీసినారు, ఎట్ల గీసినారు అని లైన్ మీద ఎవురూ చెప్పరు. చెప్పాల్సిన పనీ వాళ్లకి లేదు.

ఇంగో పక్క నగరి. మరమగ్గాల ఊరు. మగ్గానికి ఒక కంట్రోలర్ బోర్డు కాలిపోతే, బోరు మోటారు స్టార్టర్‌లో కార్డు పోతే, మెకానిక్ ఏమంటాడు? "ఇది రిపేరు కాదు, కొత్తది తెప్పించల్ల." కొత్తది కోయంబత్తూరు నుంచో, సూరత్ నుంచో రావల్ల. వాళ్లు చెప్పిందే రేటు, వాళ్లు పంపినప్పుడే పని. అంతదాకా మగ్గం గమ్మునుంటాది, కూలి కూడా గమ్మునుంటాది.

బోర్డులు బిగించే చేతులు మనకాడ ఉండాయి, బోర్డులు కావాల్సిన పనులూ మనకాడే ఉండాయి. లేనిదల్లా మధ్యలో ఉండే ఒక ఫైలు. ఆ ఫైలు ఎవురి చేతిలో ఉంటే వాళ్లదే రేటు, వాళ్లదే మాట. ఇప్పుడు ఆ ఫైలు తయారుచేసి, ఇంట్లో కూర్చోని ఆన్‌లైన్‌లో పంపితే, పార్టులన్నీ బిగించిన బోర్డు కొరియర్‌లో ఇంటికి వస్తాది. పాలిటెక్నిక్ చదివినోళ్లు, ఐటీఐ చేసినోళ్లు, చదువు మధ్యలో ఆపేసినోళ్లు, ఎవురైనా చేయొచ్చు. అది ఎట్లనో, యాడ జారిపడతామో విడమరిచి చెప్తా.

అట్టలు తెలిసినోళ్లకి ఇది కొత్త కాదు

మగ్గం ఇంట్లో పెరిగిన బిడ్డలకి జకార్డు అట్టలు తెలుసు. అట్టలో చిల్లు ఉంటే దారం లేస్తాది, చిల్లు లేకపోతే లేవదు. డిజైను మగ్గంలో లేదు, అట్టలో ఉంది. అట్టలు మార్చితే అదే మగ్గం ఇంగో పువ్వు నేస్తాది. ఫ్రాన్స్‌లో లియాన్ ఊరి జకార్డ్ 1804లో ఈ పద్ధతి తెచ్చినాడు.

సర్క్యూట్ బోర్డు ఫ్యాక్టరీ కూడా అదే మాదిరి. అక్కడుండే మిషన్లకి మన బోర్డు ఏందో తెలీదు. మనం పంపే ఫైలే వాటికి అట్ట. రాగి గీత యాడ పోవల్ల, చిల్లు యాడ పడల్ల, పచ్చరంగు యాడ పూయకూడదు, అన్నీ ఆ ఫైలులో ఉంటాయి. ఆ ఫైలుని గెర్బర్ ఫైలు అంటారు.

ఈ పేరు వెనక ఒక మనిషి ఉండాడు, ఆయన కథ నేతగాళ్లకి నచ్చుతాది. జోసెఫ్ గెర్బర్ 1924లో వియన్నాలో పుట్టిన యూదు పిల్లోడు. నాజీల చేతిలో నుంచి తప్పించుకోని 1940లో తల్లితో అమెరికా చేరినాడు. కాలేజీలో చదివేటప్పుడు పైజమా నడుముకుండే ఎలాస్టిక్ మీద గీతలు పెట్టి, సాగే స్కేలు చేసినాడు. గ్రాఫులు కొలిచేదానికి అదే ఆయన మొదటి యంత్రం. తర్వాత గీతలు గీసే మిషన్లు చేసినాడు, 1960ల చివర్లో గుడ్డని కంప్యూటర్‌తో కత్తిరించే మిషన్ చేసినాడు. ఆయన కంపెనీ గీతల మిషన్ల కోసం పుట్టిన ఫైలు పద్ధతే ఈ రోజు ప్రపంచంలో బోర్డు ఫ్యాక్టరీలన్నీ చదివే భాష. గుడ్డ కత్తిరింపు, సర్క్యూట్ బోర్డు రెండూ ఒకే ఇంటి బిడ్డలు. "మేం నేతగాళ్లం, మాకెందుకు ఎలక్ట్రానిక్స్" అనేవాళ్లకి ఈ మాట చెప్పండి.

ఒక పనికొచ్చే బోర్డు: పిక్కు కౌంటరు

ఊరికే లైటు వెలిగించి ఆర్పే బోర్డు చేస్తే రెండు దినాల సరదా. పనికొచ్చేది ఒకటి పట్టుకుందాం.

మరమగ్గం కార్మికుడికి కూలి నేసినదాన్ని బట్టి. మీటరుకి ఇంత, చీరకి ఇంత. ఎంత నేసినాడు అనేది యజమాని కాడ కొలుస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. గుడ్డ మగ్గం మీద బిగుతుగా ఉన్నప్పుడు ఒక పొడవు, దించి మడత పెట్టినాక ఇంగో పొడవు. కుదించుకుంటాది. పిక్కులు మాత్రం కుదించుకోవు. ఎన్నిసార్లు పేక పడిందో అదే అసలు లెక్క.

మామూలు మరమగ్గంలో క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒక పిక్కు. షాఫ్టుకి చిన్న అయస్కాంతం కట్టి, పక్కన హాల్ సెన్సర్ అనే రవ్వంత పార్టు పెడితే చాలు, చుట్టు చుట్టుకీ ఒక సిగ్నల్ వస్తాది. దాన్ని చిప్పు లెక్కపెడతాది. ఉదాహరణకి అంగుళానికి 52 పిక్కులు ఉండే గుడ్డ అనుకోండి. మీటరంటే 39.37 అంగుళాలు. అంటే మీటరుకి సుమారు 2,047 పిక్కులు. మగ్గం నిమిషానికి 120 పిక్కుల మీద ఆగకుండా నడిస్తే గంటకి 7,200. అంటే గంటకి మూడున్నర మీటర్లు. ఈ లెక్క నేసేవాడి కండ్ల ముందర అంకెల్లో కనపడితే, కూలి కాడ మాట్లాడేటప్పుడు గొంతు మారుతాది. కరెంటు ఎంతసేపు పోయింది, మగ్గం ఎంతసేపు ఆగింది అనేది కూడా రాసిపెడితే "నువ్వు పని చేయలేదు" అనే మాటకి జవాబు ఉంటాది.

ఇట్లాంటి కౌంటర్లు బజారులో లేవని కాదు, ఉండాయి. కానీ అవి యజమాని కొనేవి, యజమాని చూసుకునేవి. నేసేవాడి చేతిలో ఉండే కౌంటరు వేరు.

ఇది మొదటి బోర్డుకి మంచిదని ఇంగో కారణం, దీంట్లో 5 వోల్టులే. షాకు కొట్టదు. మోటారు స్టార్టరు బోర్డంటే 415 వోల్టుల త్రీఫేజు. అది నేర్చుకునేటప్పుడు తాకాల్సింది కాదు.

గీసేదానికి ముందే పార్టులు చూసుకోవల్ల

బోర్డు గీసేదానికి కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పూర్తిగా ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచిపెట్టినదే. ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షారాస్ అనే ఆయన 1992లో మొదలుపెట్టినాడు. తర్వాత యూరప్‌లోని సెర్న్ అణు పరిశోధన కేంద్రం ఇంజనీర్లు దానికి సాయం చేసినారు. మామూలు పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తాది. క్రాక్ చేసిన దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోయే పనే లేదు.

మొదట స్కీమాటిక్ గీయల్ల. ఏ కాలు ఏ కాలికి కలవల్ల అనే పటం. తర్వాత లేఅవుట్. ఆ పార్టులు బోర్డు మీద నిజంగా యాడ కూర్చోవల్ల, రాగి గీతలు ఎట్ల పోవల్ల అనేది. రెండు గీతలు తగులుకున్నాయా, ఒక తీగ కలపకుండా మిగిలిపోయిందా అని సాఫ్ట్‌వేరే చూసి చెప్తాది. దాన్ని డీఆర్‌సీ అంటారు. డీఆర్‌సీలో ఒక్క తప్పు ఉన్నా ఫైలు పంపకండి.

శానా మంది ముందు గీసేసి, తర్వాత పార్టు దొరకతాదా అని వెతుకుతారు. అది తలకిందుల పని. ఫ్యాక్టరీ కాడ ఏ పార్టు స్టాకులో ఉందో వెబ్‌సైట్‌లో కనపడతాది. అది చూసి, అదే పార్టు నంబరుతో గీయల్ల. చైనాలో షెన్‌జెన్ ఊరి జేఎల్‌సీపీసీబీ మాదిరి సర్వీసుల్లో పార్టులు రెండు రకాలు. వాళ్ల మిషన్‌లో ఎప్పుడూ ఎక్కించిపెట్టి ఉండేవి బేసిక్. గోడౌన్‌లో నుంచి తీసి కొత్తగా ఎక్కించాల్సినవి ఎక్స్‌టెండెడ్. ఎక్స్‌టెండెడ్ పార్టు ఒక్కో రకానికీ 3 డాలర్లదాకా అదనంగా వేస్తారు. పార్టు ధర అర్ధరూపాయి ఉన్నా సరే, ఆ ఎక్కించే కూలి తప్పదు. పది రకాల ఎక్స్‌టెండెడ్ పార్టులు పెట్టినామంటే, పార్టుల కంటే ఎక్కించే కూలే ఎక్కువైతాది. అందుకని రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ బేసిక్‌లో నుంచే ఏరుకోవల్ల. 10 కిలో ఓమ్‌లు ఉంటే సరిపోయే చోట 9.1 పెట్టకూడదు.

మగ్గం మీద పెట్టే బోర్డుకి ఇంగో మూడు సంగతులు ఉండాయి. ఒకటి, మగ్గం అదిరేది అదిరేదే. పొడుగ్గా నిలబడే కెపాసిటర్లు కొన్ని నెలల్లో కాళ్లు విరిగి పడిపోతాయి. పొట్టివి, బోర్డుకి అతుక్కునేవి వాడల్ల, కనెక్టర్లు లాకు ఉండేవి పెట్టల్ల. రెండు, దూది దుమ్ము. తేమ తగిలితే దుమ్ము కరెంటుకి దారి ఇస్తాది. బోర్డు మీద వార్నిష్ మాదిరి పూత వేసి డబ్బాలో మూయల్ల. మూడు, దారం తెగినప్పుడు నేసేవాడు మగ్గాన్ని చేత్తో వెనక్కి తిప్పుతాడు. సెన్సర్ ఒకటే ఉంటే వెనక్కి తిరిగింది కూడా ముందుకే లెక్కపెడతాది. పక్కపక్కన రెండు సెన్సర్లు పెడితే ఏది ముందు మోగిందో చూసి చిప్పు దిక్కు తెలుసుకుంటాది. ఈ మూడో సంగతి యాడనో ఏసీ రూములో కూర్చున్న ఇంజనీరుకి తట్టదు. మగ్గం కాడ నిలబడినోడికి తడతాది. మన బలం అదే.

మూడు ఫైళ్లు, ఒక జాగ్రత్త

ఫ్యాక్టరీకి పోయేవి మూడు. మొదటిది గెర్బర్, చిల్లుల ఫైలుతో కలిపి ఒక జిప్. రెండోది బీఓఎం, అంటే సామాన్ల పట్టీ. పెండ్లికి అంగడి పట్టీ రాసినట్ల, ఏ పార్టు ఎన్ని, దాని నంబరు ఏంది అని. మూడోది సీపీఎల్. ఏ పార్టు బోర్డు మీద అడ్డం ఎంత, నిలువు ఎంత దూరంలో కూర్చోవల్ల, ఏ దిక్కుకి తిరిగి ఉండల్ల అనే పట్టీ. మూడూ కీక్యాడ్ నుంచే తీయొచ్చు.

ఈ మూడో ఫైలు కాడే ఎక్కువ మంది దెబ్బ తింటారు. మన సాఫ్ట్‌వేర్‌లో పార్టు దిక్కు ఒక లెక్క, ఫ్యాక్టరీ వాళ్ల రీలులో ఆ పార్టు దిక్కు ఇంగో లెక్క. డయోడు తలకిందులుగా కూర్చుంటే పని చేయదు. చిప్పు 180 డిగ్రీలు తిరిగి కూర్చుంటే కరెంటు ఇచ్చిన రెండో సెకండుకి పొగ. ఫైళ్లు ఎక్కించినాక వెబ్‌సైట్ ఒక బొమ్మ చూపిస్తాది, పార్టులన్నీ కూర్చున్నట్ల. ఆ బొమ్మని పెద్దది చేసి, ఒక్కొక్క చిప్పుకీ ఒకటో కాలు చుక్క యాడుందో, ఒక్కొక్క డయోడుకీ గీత ఏ పక్కుందో వేలు పెట్టి చూడల్ల. తప్పుంటే అక్కడే తిప్పొచ్చు. ఈ పదిహేను నిమిషాలు ఓపిక పడితే వేల రూపాయలు మిగులుతాయి.

మిగతా ప్రశ్నలు వెబ్‌సైట్ అడుగుతాది. ఎన్ని లేయర్లు? మన కౌంటరుకి రెండు చాలు. మందం? 1.6 మిల్లీమీటర్లు మామూలు. రాగి మందం? ఒక ఔన్సు, అంటే 35 మైక్రాన్లు. రంగు? పచ్చదే పెట్టండి, అన్నిటికంటే చౌకా, తొందరా. తెలియనిచోట వాళ్లు ముందే టిక్కు పెట్టిందే ఉంచండి.

అక్కడ ఏం జరుగుతాది

గాజునార, రెసిన్ కలిపి చేసిన పలక మీద రాగి పొర ఉంటాది. మన గీతలు ఉండాల్సిన చోట రాగిని కాపాడి, మిగతాది రసాయనంతో తినిపించేస్తారు. చిల్లులు వేసి, చిల్లు గోడలకి రాగి పూత ఎక్కిస్తారు. పచ్చపూత వేస్తారు. ఇది ఖాళీ బోర్డు.

తర్వాత బిగింపు. రవ్వంత మందం స్టీలు రేకులో పార్టుల కాళ్లుండే చోట చిల్లులు ఉంటాయి. దాన్ని బోర్డు మీద పెట్టి టంకం ముద్దని పూస్తారు. మన ఆడోళ్లు ముగ్గు గొట్టంతో, చిల్లుల రేకుతో ముగ్గు వేసినట్లే. తర్వాత మిషన్ గాలితో పార్టుని పట్టుకోని ముద్ద మీద కూర్చోబెడతాది. 0402 అనే సైజు రెసిస్టరు పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు. నువ్వు గింజ కంటే చిన్నది. చేత్తో పెట్టేది కష్టం, మిషన్‌కి లెక్క లేదు. అన్నీ కూర్చున్నాక బోర్డు ఒక పొడుగు పొయ్యిలో మెల్లగా నడిచిపోతాది. సీసం లేని టంకం 217 డిగ్రీల కాడ కరుగుతాది, పొయ్యిలో వేడి సుమారు 240 దాకా పోతాది. బయటికి వచ్చేటప్పటికి టంకం గట్టిపడి ఉంటాది. కెమెరా ఒకటి ప్రతి పార్టునీ చూస్తాది.

శ్రీసిటీ, రేణిగుంట లైన్ల మీద పని చేసినోళ్లకి ఈ పేరా చదివితే నవ్వొస్తాది. "ఇదా, ఇది మాకు తెలుసు" అంటారు. అదే నేను చెప్పేది. మీకు సగం ఇప్పటికే తెలుసు. బోర్డు ఎట్ల చెడిపోతాదో, ఏ టంకం పొడిగా ఉందో మీ కండ్లకి తెలుసు. తెలియనిది గీత ఒక్కటే.

దుడ్ల లెక్క

రెండు లేయర్ల, పది సెంటీమీటర్ల చదరం లోపల ఉండే ఖాళీ బోర్డులు ఐదు, 2 డాలర్లకి ఇస్తామని చైనా సర్వీసులు ప్రకటనలు ఇస్తా వచ్చినాయి. అది చూసి ఉరకకండి. దాని మీద బిగింపు సెటప్పు ఫీజు, స్టెన్సిల్ రేకు ఫీజు, పార్టులు, ఎక్కించే కూలి, కొరియరు, ఆపైన మన దేశం పన్ను. శానాసార్లు బోర్డు కంటే కొరియరే ఎక్కువ.

నేతగాళ్ల లెక్కలో చెప్తా. పడుగు తోడే ఖర్చు ఒక చీరకైనా పది చీరలకైనా దాదాపు ఒకటే. సెటప్పు, స్టెన్సిలు, ఎక్కించే కూలి, కొరియరు, ఇవన్నీ పడుగు ఖర్చు. పార్టులు పేక ఖర్చు. ఐదు బోర్డులు చేయిస్తే ఒక్కోటి మోయలేనంత. యాభై చేయిస్తే ఒక్కోటి చేతికొచ్చే ధర. అందుకని మొదటి ఆర్డరు లాభానికి కాదు, నేర్చుకునేదానికి. ఐదు బోర్డులు తెప్పించి, వాటిలో రెండింటికే పార్టులు బిగించమని అడగొచ్చు. మొదటి బోర్డు సరిగ్గా రాదు అనుకోనే లెక్క వేసుకోండి. రెండోసారికి దుడ్లు పక్కన పెట్టుకోనే మొదటిది పంపల్ల. నలుగురు కలిసి, నాలుగు డిజైన్లు ఒకే కొరియరులో తెప్పించుకుంటే ఆ ఖర్చు పంచుకోవచ్చు. డిస్‌ప్లే, స్క్రూ కనెక్టరు మాదిరి పెద్ద పార్టులు మనమే టంకం వేసుకుంటే ఇంగ కొంచెం తగ్గుతాది.

ఇంగ కస్టమ్స్. కొరియర్ వాళ్లు కేవైసీ కాగితాలు అడుగుతారు. దిగుమతి సుంకం పార్టును బట్టి మారతాది, ఐజీఎస్టీ వేరే. అమ్మేదానికి తెప్పించుకుంటే ఐఈసీ అనే దిగుమతి నంబరు ఉండల్ల, దాని ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. చైనా, హాంకాంగ్ నుంచి వచ్చే ఆరు లేయర్ల లోపు ఖాళీ బోర్డుల మీద కేంద్రం 2024లో యాంటీ డంపింగ్ సుంకం కూడా వేసింది. వైఫై, బ్లూటూత్ మాదిరి రేడియో ఉండే బోర్డయితే డబ్ల్యూపీసీ అనుమతి లేదని ఆపేయొచ్చు. రేడియో కావల్లంటే ఆ మాడ్యూలు ఇక్కడే కొని, బోర్డు వచ్చినాక మనమే అతికించుకునేది తెలివైన పని.

ఈ తలనొప్పి వద్దంటే మన దేశంలోనే ఉండాయి. బెంగుళూరులో లయన్ సర్క్యూట్స్, గుజరాత్ గాంధీనగర్‌లో పీసీబీ పవర్ ఇట్లే ఆన్‌లైన్‌లో ఫైలు తీసుకోని బిగించిన బోర్డు పంపుతాయి. కస్టమ్స్ లేదు, జీఎస్టీ బిల్లు వస్తాది, ఫోన్ చేస్తే మనకి అర్థమయ్యే భాషలో ఎవురో ఒకరు మాట్లాడతారు. రెండు చోట్లా అదే ఫైలు ఎక్కించి, కొరియరు, పన్నులు అన్నీ కలిపి ఇంటికొచ్చే ధర చూసుకోండి. ఫైలు మనది కాబట్టే ఈ బేరం ఆడగలం. ఫైలు ఇంగొకడి కాడ ఉంటే వాడు చెప్పిందే ధర.

బోర్డు వచ్చినాక

డబ్బా విప్పిన వెంటనే కరెంటు పెట్టకండి. ముందు మల్టీమీటరుతో పాజిటివ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య షార్టు ఉందా చూడండి. తర్వాత, ఇంత కరెంటు దాటితే తనంతట తానే ఆపేసుకునే సప్లై నుంచి కొంచెం కొంచెంగా ఇవ్వండి. 5 వోల్టులు ఉండాల్సిన చోట 5 ఉందా, 3.3 ఉండాల్సిన చోట 3.3 ఉందా. అవి సరిగ్గా ఉంటేనే చిప్పులోకి ప్రోగ్రామ్ ఎక్కించండి. ప్రోగ్రామ్ లేని బోర్డు పడుగు లేని మగ్గం. కాబట్టి సీ భాష కొంచెం నేర్చుకోక తప్పదు. కరెంటు పోతే లెక్క పోకుండా, పోయే క్షణంలో అంకెని మెమరీలో రాసుకునేంతసేపు బోర్డుని బతికించే కెపాసిటర్ కూడా గీసేటప్పుడే పెట్టుకోవల్ల. మన ఊర్లలో అది లేకపోతే కౌంటరు ఉన్నా లేనట్లే.

మోటారు స్టార్టర్ బోర్డుల మీద చేయి వేసే దశకి వచ్చినోళ్లకి రెండు మాటలు. సెల్‌ఫోన్‌తో బోరు మోటారు ఆన్ చేసేది కొత్త సంగతి కాదు. పుణె సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేశ్ ఎప్పుడో పేరు తెచ్చుకుంది. ఇప్పుడు చేసేవాళ్లు పాత 2జీ మాడ్యూలు పెడితే జియో సిమ్ములో పని చేయదు, జియోకి 2జీనే లేదు. ఇంగోటి, కరెంటు వచ్చిన వెంటనే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతాది. ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటోళ్లు చెప్పేది అందుకే. ఒక్కో బోర్డు ఒక్కో సెకండు లెక్కన ఆగి లేచేటట్ల ప్రోగ్రామ్ రాస్తే ఊరంతా బాగుంటాది. ఇది ఖర్చు లేని మంచితనం. హై వోల్టేజీ పక్క, లో వోల్టేజీ పక్క బోర్డు మీద దూరం ఉండల్ల, మధ్యలో ఆప్టోకప్లర్ ఉండల్ల. తెలిసినోళ్లకి చూపించకుండా రైతు చేతికి ఇవ్వకండి. ప్రాణంతో పని అది.

ఎవురిని ఏమడగల్ల

ఇంత చెప్పి, "మీరే నేర్చుకోండి, మీరే బాగుపడండి" అని ముగిస్తే అది సగం మాటే.

సిర్మా ఎస్‌జీఎస్ అనే కంపెనీ నాయుడుపేట కాడ పదిహేను వందల కోట్లకి పైగా పెట్టుబడితో సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీ పెడతామని 2025లో ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో కేంద్రం ఎలక్ట్రానిక్ పార్టుల తయారీకి 22,919 కోట్ల పథకం తెచ్చింది. సంతోషమే. కానీ రెండు ప్రశ్నలు అడగల్ల. మొదటిది నీళ్లు. బోర్డు తయారీలో రాగిని రసాయనంతో తినిపిస్తారని చెప్పినా గదా, ఆ నీళ్లు యాడికి పోతాయి? అద్దకం నీళ్లు ఏరులో కలిస్తే ఏమయితాదో నగరి వాళ్లకి ఎవురూ పాఠం చెప్పాల్సిన పని లేదు. శుద్ధి చేసే ప్లాంటు లెక్కలు మొదటి దినం నుంచి జనం ముందర పెట్టల్ల.

రెండోది చదువు. ఫ్యాక్టరీ వస్తే మన బిడ్డలకి లైన్ మీద నిలబడే కొలువులే మిగలకూడదు. ప్రతి పాలిటెక్నిక్‌లో, ప్రతి ఐటీఐలో కీక్యాడ్ నేర్పించల్ల. చదువు అయ్యేలోపల ప్రతి విద్యార్థీ ఒక బోర్డు గీసి, ఆర్డరు పెట్టి, చేతిలో పట్టుకోని బయటికి రావల్ల. ల్యాబుల్లో దుమ్ము పట్టే పాత ట్రైనర్ కిట్ల ఖర్చులో ఇది చిన్న భాగం. రాష్ట్ర ప్రభుత్వం 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ పెట్టింది, తిరుపతిలో కూడా దాని కేంద్రం ఉంది. స్టార్టప్ పోటీలు, ఫోటోలు సరే. నగరి మగ్గం కాడ నుంచి వచ్చిన పిల్లోడికి, సత్యవేడు నుంచి వచ్చిన ఆడబిడ్డకి మొదటి రెండు ఆర్డర్ల ఖర్చు పెడతారా అని అడగండి. గొప్ప అడుగు కాదు ఇది. మహారాష్ట్రలో పాబల్ అనే పల్లెలో విజ్ఞాన్ ఆశ్రమం ఉంది. అమెరికా ఎంఐటీ వాళ్ల ఫ్యాబ్ ల్యాబు ఆ దేశం బయట మొదట తెరిచింది ఆ పల్లెలోనే, 2002లో. పల్లె అని ఎవురూ వద్దనలేదు.

మీకు మీరు చేసుకోవాల్సింది ఒకటుంది. బోర్డు ఇంగొకరితో గీయించినా సరే, దుడ్లు ఇచ్చేటప్పుడు బోర్డులతోపాటు కీక్యాడ్ ఫైళ్లు, బీఓఎం, సీపీఎల్, ప్రోగ్రామ్ కోడ్ అన్నీ మీ పేరు మీద రాయించుకోండి. ఒక కాపీ పెన్‌డ్రైవులో, ఒక కాపీ ఆన్‌లైన్‌లో పెట్టండి. అట్టలు మగ్గం ఓనరు కాడ ఉంటే నేసేవాడు కూలోడు. అట్టలు తన కాడ ఉంటే, మగ్గం షెన్‌జెన్‌లో ఉన్నా గాంధీనగర్‌లో ఉన్నా, రేపు నాయుడుపేటలో ఉన్నా, ఎవురికి నేయించుకోవల్ల అనేది తన ఇష్టం.

ఈ వారం కీక్యాడ్ దించుకోండి. ఒక సెన్సరు, ఒక చిప్పు, ఒక లైటు గీయండి. పార్టులు లైన్ మీద చూసినోళ్లు ఒకరు, మగ్గం తెలిసినోళ్లు ఒకరు, కోడ్ రాసేవాళ్లు ఒకరు కలిసి కూర్చుంటే బాగుంటాది. అట్లాంటి ముగ్గురు మన ప్రతి ఊరిలో ఉండారు.